గగనదూరం, గడియారం, దేవనహళ్ళి దారి

పుంగనూరు, మదనపల్లె, కుప్పం. ఈ మూడు ఊళ్ళవాళ్ళు విమానం ఎక్కాలంటే సొంత రాష్ట్రం వైపు చూడరు. పుంగనూరు నుంచి పటం మీద గీత గీసి కొలిస్తే దేవనహళ్ళిలోని కెంపేగౌడ విమానాశ్రయం 95 కి.మీ. దూరంలో ఉంది. రేణిగుంట దాదాపు 110, చెన్నై మీనంబాకం 180కి కాస్త తక్కువ. గన్నవరమైతే 420 దాటిపోతుంది. మదనపల్లె నుంచి దేవనహళ్ళికి కూడా దాదాపు 95, కుప్పం నుంచి 85. ఏ ఊరి నుంచి కొలిచినా దగ్గరిది కర్ణాటకదే. 2008 మే 24న దేవనహళ్ళిలో విమానాలు దిగడం మొదలైనప్పటి నుంచీ ఇక్కడి జనం నోట ‘ఎయిర్‌పోర్టు’ అంటే అదే.

అక్కడి నుంచి డాలస్ ఎంత, కువైట్ ఎంత అని ఫోన్‌లో అడిగితే క్షణంలో రెండు అంకెలు కనిపిస్తాయి: ఇన్ని కిలోమీటర్లు, ఇన్ని గంటలు. ఫోన్ చెప్పే గంటలు వేరు, టికెట్టు మీద అచ్చయిన గంటలు వేరు, గడప దాటింది మొదలు గమ్యం చేరేదాకా మనిషికి పట్టే గంటలు ఇంకా వేరు. మొదటిదాన్ని ఫోన్ లెక్క కడుతుంది, రెండోదాన్ని గాలీ రాజకీయమూ నిర్ణయిస్తాయి, మూడోదాన్ని రోడ్డు నిర్ణయిస్తుంది. ఈ మూలన ఉన్న ప్రయాణికుడికి అన్నిటికంటే తక్కువ పనికొచ్చేది కిలోమీటర్ల అంకే అని నా అభిప్రాయం. ఎందుకో చెప్పాలంటే ముందు ఆ అంకె ఎట్లా పుడుతుందో చూడాలి.

గోళం మీద రెండు చోట్ల మధ్య అతి దగ్గరి దారి ఒక పెద్ద వలయంలో ముక్క. ఆ వలయం భూమిని సరిగ్గా రెండు సగాలుగా చీలుస్తుంది. దాన్ని మహావృత్తం అంటారు. రెండు విమానాశ్రయాల అక్షాంశ రేఖాంశాలు తెలిస్తే చాలు, ఇంటర్మీడియట్ త్రికోణమితితో నాలుగు వరుసల్లో దూరం తేలిపోతుంది. భూమిని 6,371 కి.మీ. వ్యాసార్ధమున్న గోళం అనుకుంటే బెంగుళూరు నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు 13,987 కి.మీ. వస్తుంది. ఎయిరిండియా ప్రకటించిన అంకె 13,993. ఆ ఆరు కిలోమీటర్ల తేడాకు కారణం భూమి ఆకారం: ధ్రువాల దగ్గర అది కొంచెం అణిగి ఉంటుంది, అచ్చమైన గోళం కాదు.

ఆ అణుపు ఎంతో తేల్చిన పనిలో మన చుట్టుపక్కల నేలకూ వాటా ఉంది. 1802లో విలియం లాంబ్టన్ మద్రాసు పరంగిమలై దగ్గర ఉక్కు గొలుసు పరిచి సుమారు 12 కి.మీ. ఆధారరేఖను కొలిచాడు. అక్కడి నుంచి త్రిభుజం పక్కన త్రిభుజం పేర్చుకుంటూ బెంగుళూరు మీదుగా పడమటి తీరం దాకా వెళ్ళాడు. ఆ తర్వాత 78వ రేఖాంశాన్ని అంటిపెట్టుకుని గుత్తి మీదుగా ఉత్తరానికి సాగాడు. పుంగనూరు ఉన్నది దాదాపు 78.6 దగ్గర. ఆ కొలతల ఆధారంగానే జార్జ్ ఎవరెస్ట్ 1830లో భూమి ఆకారానికి ఒక నమూనా కట్టాడు. నేటి జీపీఎస్ నమూనా వేరే అయినా పద్ధతికి పునాది అదే. లాంబ్టన్ గొలుసు పరిచిన ఆ పరంగిమలై పక్కనే ఇప్పుడు చెన్నై విమానాశ్రయం రన్‌వే ఉండటం కాకతాళీయమే, కానీ నాకు ముచ్చటగా అనిపిస్తుంది.

బడి గోడ మీది పటం చూసి పెరిగినవాళ్ళకు అమెరికా అంటే పడమర. లేదంటే జపాన్ దాటి తూర్పు. లెక్క మాత్రం ఉత్తరం చూపిస్తుంది. బెంగుళూరు నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు అతి దగ్గరి దారి పట్టాలంటే విమానం ముక్కు ఉత్తరం నుంచి కేవలం 20 డిగ్రీలు తూర్పుకు తిరగాలి. ఆ దారి 71వ అక్షాంశం దాకా ఎక్కి, సైబీరియా చలిని దాటి, అటు దిగుతుంది. డాలస్‌కైతే ఇంకా విచిత్రం. డాలస్ రేఖాంశం మనకు దాదాపు సరిగ్గా అవతలి పక్క. కాబట్టి దగ్గరి దారి 84వ అక్షాంశం దాకా, అంటే ఉత్తర ధ్రువానికి కూతవేటు దూరంలోంచి పోతుంది.

ఈ సంగతి అర్థమైతే మన ఇళ్ళలో తరచూ జరిగే ఒక వాదన తేలిపోతుంది. “దుబాయ్ మీదుగా పోతే చుట్టు కదా, ఢిల్లీకి పోయి పోవడం వెనక్కి పోయినట్టు కాదా” అని పిల్లలకు టికెట్లు కొనే పెద్దలు అడుగుతుంటారు. కొలిచి చూద్దాం. బెంగుళూరు నుంచి డాలస్‌కు నేరుగా సుమారు 14,860 కి.మీ. దుబాయ్‌లో దిగి వెళితే 15,610. దోహా మీదుగా 15,790. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా 15,660. యూరప్‌లో దిగినా గల్ఫ్‌లో దిగినా రెండు వందల కి.మీ. లోపు తేడా! నేరుగా పోయేదానికంటే అదనం ఎక్కడా 950 కి.మీ. మించదు, అంటే విమానానికి గంటా పదినిమిషాల పని లోపే. శాన్‌ఫ్రాన్సిస్కోకు ఢిల్లీ మీదుగా వెళితే అదనం కేవలం 100 కి.మీ., ఎందుకంటే ఢిల్లీ దాదాపు దారిలోనే ఉంది. కాబట్టి ‘చుట్టు’ అన్న మాటకు ఇక్కడ పెద్దగా అర్థం లేదు. రెండు విమానాల మధ్య కుర్చీలో కూర్చునే సమయం రెండు గంటలా పదకొండు గంటలా అన్నదే ప్రయాణాన్ని పొట్టిదో పొడుగుదో చేస్తుంది. ట్రావెల్ ఏజెంటు ముందు కూర్చున్నప్పుడు అడగాల్సింది ఆ ప్రశ్న.

ఇక గంటల సంగతి. ఆన్‌లైన్ లెక్కల్లో చాలావరకు దూరాన్ని గంటకు 800 నుంచి 900 కి.మీ. వేగంతో భాగించి, ఎక్కడానికీ దిగడానికీ అరగంట కలుపుతాయి. కువైట్‌కు ఆ లెక్క బాగానే సరిపోతుంది. దూరప్రయాణాలకు సరిపోదు, ఎందుకంటే విమానం ఎగిరేది గాలిలో, ఆ గాలి తనూ కదులుతుంటుంది. పది పన్నెండు కి.మీ. ఎత్తున, మనకు ఉత్తరాన, పడమటి నుంచి తూర్పుకు జెట్ ప్రవాహాలు పారుతుంటాయి. చలికాలంలో వాటి వేగం గంటకు 200 కి.మీ. దాటడం మామూలే. బెంగుళూరు నుంచి లండన్ సుమారు 8,050 కి.మీ. వెళ్ళేటప్పుడు పట్టే సమయానికీ వచ్చేటప్పుడు పట్టే సమయానికీ దాదాపు గంట తేడా ఉండేది అందుకే. 2020 ఫిబ్రవరిలో కియారా తుపాను వేళ ఒక బ్రిటిష్ ఎయిర్‌వేస్ 747 న్యూయార్క్ నుంచి లండన్‌కు ఐదు గంటలు కూడా నిండకుండా 4 గంటల 56 నిమిషాల్లో చేరింది. ఇంజన్‌లో కొత్త బలమేమీ లేదు, వెనక గాలి ఉంది.

ఈ గాలిని మొదట పద్ధతిగా కొలిచినవాడు జపాన్‌కు చెందిన వసాబురో ఓయిషి. 1920లలో బెలూన్లు ఎగరేసి కనుక్కున్న సంగతిని ప్రపంచమంతా చదవాలని ఎస్పరాంటో భాషలో అచ్చు వేశాడు. ప్రపంచం చదవలేదు. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా బాంబర్లు జపాన్ మీదికి వెళ్ళి ఆ గాలికి ఎదురయ్యాక గానీ అది అందరి నోటా పడలేదు. మనకు మాత్రం ఇంకో గాలి ఉంది. నైరుతి రుతుపవనాల కాలంలో దక్షిణ భారతదేశం మీద బాగా ఎత్తున తూర్పు నుంచి పడమరకు ఒక జెట్ ప్రవాహం నడుస్తుంది. దాని మీద 1958లో ‘టెల్లస్’ పత్రికలో మూలవ్యాసం రాసింది పంచేటి కోటేశ్వరం. తర్వాతి కాలంలో భారత వాతావరణ శాఖకు అధిపతి అయినవాడు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా దేవనహళ్ళి నుంచి గల్ఫ్‌కు లేచే విమానానికి దారి మొదట్లో ఆ గాలి కలిసొస్తుంది, తిరిగొచ్చే విమానానికి ఎదురొస్తుంది. పడమరకు పోతే ఎప్పుడూ ఆలస్యం అన్న సూత్రం మన ఆకాశంలో ఆ నాలుగు నెలలూ చెల్లదు.

గాలి కన్నా మొండిది సరిహద్దు. బెంగుళూరు, శాన్‌ఫ్రాన్సిస్కోల మధ్య ఎయిరిండియా నేరుగా నడిపిన మొదటి విమానం 2021 జనవరి 9 రాత్రి అక్కడ లేచి, జనవరి 11 తెల్లవారకముందే ఇక్కడ దిగింది. 17 గంటలకు పైగా గాలిలో ఉంది. కాక్‌పిట్‌లో ఉన్న నలుగురూ మహిళలే: కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వం, పాపగారి తన్మయితో సహా మరో ముగ్గురు. ధ్రువం మీదుగా వచ్చిన ఆ విమానం తిరిగిన దారి దాదాపు 16,000 కి.మీ. అని చెప్పారు. లెక్క ప్రకారం 14,000 చాలు. మిగిలిన రెండు వేలూ గాలి కోసం, భద్రత కోసం పెట్టిన ఖర్చు. ధ్రువం దగ్గర అత్యవసరంగా దిగడానికి ఊళ్ళు తక్కువ. విమాన ఇంధనం సున్నాకు దిగువ 47 డిగ్రీల దగ్గర గడ్డకట్టే స్థితికి చేరుతుంది కాబట్టి దాని చలినీ కనిపెట్టుకుని ఉండాలి.

2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక రష్యా తన ఆకాశాన్ని యూరప్, అమెరికా విమాన సంస్థలకు మూసేసింది. భారతీయ సంస్థలకు మూయలేదు. దాంతో అదే రెండు ఊళ్ళ మధ్య ఒక జెండా ఉన్న విమానానికి ఒక దూరం, ఇంకో జెండా ఉన్నదానికి ఇంకో దూరం అయింది. ఆ వీలుకూ ఒక వెల ఉంది. 2023 జూన్‌లో ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు పోతున్న ఎయిరిండియా విమానం ఇంజన్ ఇబ్బందితో రష్యా దూర తూర్పున మగదాన్‌లో దిగింది. రెండు వందల మందికి పైగా ప్రయాణికులు ఇంకో విమానం వచ్చేదాకా ఆ చిన్న ఊళ్ళోనే ఉండాల్సి వచ్చింది. ఇక పాకిస్తాన్ ఆకాశం 2019లో ఫిబ్రవరి నుంచి జూలై దాకా మూతపడింది, 2025 ఏప్రిల్‌లో భారతీయ విమానాలకు మళ్ళీ మూసుకుంది. దెబ్బ ఎక్కువగా తగిలింది ఢిల్లీ నుంచి పడమరకు వెళ్ళేవాటికి. బెంగుళూరు నుంచి గల్ఫ్‌కు పోయే దారి అరేబియా సముద్రం మీదిది కాబట్టి మనవాళ్ళకు అంతగా తగల్లేదు. దక్షిణాన ఉన్నందుకు కలిసొచ్చిన సందర్భం ఇదొక్కటే కావచ్చు.

అమెరికా గురించి ఇంత రాశాను గానీ, ఈ నేల నుంచి ముందు విమానం ఎక్కింది అమెరికాకు కాదు. రాయచోటి, రాజంపేట, మదనపల్లె పక్కల పల్లెల్లో ఒక తరానికి పైగా విదేశం అంటే కువైట్. ఆడవాళ్ళు ఇళ్ళల్లో పనికి, మగవాళ్ళు డ్రైవర్లుగా, మేస్త్రీలుగా పోయారు. బెంగుళూరు నుంచి కువైట్‌కు 3,545 కి.మీ., చెన్నై నుంచి 3,780, శంషాబాద్ నుంచి 3,370. గాలిలో ఉండేది నాలుగున్నర నుంచి ఐదు గంటలు. అయినా మొదటిసారి పోయేవాళ్ళను గడియారం గందరగోళంలో పెడుతుంది. టికెట్టు మీద లేచే వేళ ఇక్కడిది, దిగే వేళ అక్కడిది. కువైట్ మనకు రెండున్నర గంటలు వెనక. ఉదయం 6 గంటలకు లేచిన విమానం 8.15కు దిగుతుందని అచ్చవుతుంది, ‘రెండు గంటల దూరమే’ అనిపిస్తుంది. తిరుగు టికెట్టు చూస్తే ఏడు గంటలు కనిపిస్తుంది. రెండింటినీ కూడి సగం చేస్తే దాదాపు నిజం బయటపడుతుంది.

ఇప్పుడు ఇంటి నుంచి లెక్క కడదాం. పుంగనూరులో బాడుగ కారు ఎక్కి శ్రీనివాసపురం, చింతామణి మీదుగా దేవనహళ్ళి చేరడానికి రోడ్డు మీద 120 కి.మీ. అటూ ఇటూ. రాత్రివేళ, లారీలూ మలుపులూ కలుపుకుని చేతిలో మూడు గంటలు పెట్టుకోవాలి. విమానానికి మూడు గంటల ముందు అక్కడ ఉండాలి. గాలిలో నాలుగు గంటల ముప్పావు. దిగాక ఇమ్మిగ్రేషన్, సామాను, సేటు పంపిన బండి కోసం ఎదురుచూపు కలిపి తక్కువలో తక్కువ గంటన్నర. మొత్తం పన్నెండు గంటలు దాటుతుంది. అందులో 3,500 కి.మీ.కు పట్టింది నాలుగు గంటల ముప్పావు, మొదటి 120 కి.మీ.కు పట్టింది మూడు గంటలు. రేణిగుంట నుంచి పోతే శంషాబాద్‌లో మారాలి. దూరం 3,790 కి.మీ. మాత్రమే, కానీ రెండు విమానాల మధ్య కాలం అదనం. పదో తరగతి పాసు కాని మనిషికి ఇంకో లెక్క కూడా ఉంది: ఈసీఆర్ పాస్‌పోర్టు మీద కువైట్‌కు పోవాలంటే ఎమిగ్రేషన్ అనుమతి కావాలి, ఆడవాళ్ళకు 30 ఏళ్ళు నిండాలి. ఆ అనుమతి కోసం గడిచే వారాలు ఏ వెబ్‌సైటులోనూ ప్రయాణకాలం కింద కనపడవు.

ఇదే దారి ఒకసారి ఎంత పొడవైందో పెద్దవాళ్ళకు గుర్తుంటుంది. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించింది, విమానాశ్రయం మూతపడింది. బొంబాయికి నాలుగు గంటల్లో చేరే మనుషులు బస్రా, బాగ్దాద్ మీదుగా ఎడారి రోడ్డు పట్టి, జోర్డాన్‌లోని అమ్మాన్ దాకా పోయి అక్కడ విమానం ఎక్కారు. ఎయిరిండియా అట్లా లక్ష మందికి పైగా భారతీయులను చేర్చింది, వాళ్ళల్లో మన తెలుగువాళ్ళూ ఉన్నారు. కిలోమీటర్ల అంకె ఆ నెలల్లోనూ మారలేదు. 2025 జూన్ 23 రాత్రి ఖతర్‌లోని అమెరికా స్థావరం మీద ఇరాన్ క్షిపణులు వేసినప్పుడు కూడా ఖతర్, కువైట్, యూఏఈల ఆకాశాలు కొన్ని గంటల పాటు మూసుకున్నాయి.

పాతకాలపు కొలత ఒకటి పక్కన పెట్టుకుంటే నేటి విసుగు కొంచెం తగ్గవచ్చు. మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి అనీబిసెంట్ వెంట మొదటిసారి ఇంగ్లండు పోయింది 1911లో. ఏప్రిల్ చివర బొంబాయిలో ఓడ ఎక్కితే లండన్ చేరింది మే 5న, దాదాపు రెండు వారాలు. మన మీదుగా పోయిన తొలినాళ్ళ విమానాలు మోసింది ఉత్తరాలను: 1932 అక్టోబరులో కరాచీ నుంచి బొంబాయికి జె.ఆర్.డి. టాటా తెచ్చిన టపాను నెవిల్ విన్సెంట్ బళ్ళారిలో ఆగి మద్రాసు చేర్చాడు. ఆ గాలిదారి మన జిల్లాల మీదుగానే పోయింది గానీ, ఇక్కడ దిగే పని దానికి లేదు.

ఇప్పటికీ లేదు. కుప్పం దగ్గర విమానాశ్రయానికి 2019 జనవరిలో శంకుస్థాపన జరిగింది, ప్రభుత్వం మారాక ఆగింది, 2024 తర్వాత మళ్ళీ ఫైలు కదిలింది. ఇక్కడే ‘గగనదూరం’ అన్న మాట ఒక్కసారిగా చట్టం బలం తెచ్చుకుంటుంది. దేవనహళ్ళి విమానాశ్రయం కట్టినవాళ్ళతో కేంద్రం చేసుకున్న ఒప్పందంలో ఒక షరతు ఉంది: గీత గీసి కొలిచిన 150 కి.మీ. లోపల, మైసూరు, హాసన్ మినహా, మొదలైన నాటి నుంచి 25 ఏళ్ళ దాకా ఇంకో అంతర్జాతీయ విమానాశ్రయం రాకూడదు. ఆ గడువు 2033 మేలో తీరుతుంది. కుప్పం 85 కి.మీ. దూరంలో ఉంది. తమిళనాడు ప్రకటించిన హోసూరు విమానాశ్రయమూ ఆ వలయంలోనే పడుతుంది. అంటే కుప్పంలో రన్‌వే వేసినా అప్పటిదాకా కువైట్ విమానం అక్కడ లేవదు.

నన్నడిగితే ఈ మూడు ఊళ్ళవాళ్ళకు ఎక్కువ గంటలు మిగిల్చేది రన్‌వే కాదు. బెంగుళూరు–చెన్నై ఎక్స్‌ప్రెస్‌వేలో హోస్కోటే నుంచి బేతమంగళం దాకా ఉన్న ముక్క 2024 చివర వాహనాలకు తెరుచుకుంది. కుప్పం, వి.కోట వైపువాళ్ళకు దాని ఉపయోగం అప్పుడే తెలుస్తోంది. అంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటి ఎవరూ పట్టించుకోకుండా పడి ఉంది. ఎలహంక నుంచి దేవనహళ్ళి, చిక్కబళ్ళాపురం, చింతామణి, శ్రీనివాసపురం మీదుగా కోలారు పోయే రైలుమార్గం విమానాశ్రయం గోడ పక్కగానే పోతుంది. 2021 జనవరిలో అక్కడ ఒక హాల్టు కూడా తెరిచారు. శ్రీనివాసపురం పుంగనూరుకు గీతదూరంలో 40 కి.మీ. లోపే. అక్కడి నుంచి మదనపల్లెకు కొత్త లైను వేయాలన్న మాట రైల్వే కాగితాల్లో ఏళ్ళుగా నానుతోంది. మదనపల్లె రోడ్ అని పేరు పెట్టుకున్న స్టేషను ఊరికి దూరంగా ఉంది, కుప్పం రైలు బెంగుళూరు దాకా తీసుకెళుతుంది గానీ దేవనహళ్ళికి కాదు. ఆ లైను పడి, ఉన్న లైనులో రైళ్ళు పెరిగి, రాత్రి రెండింటికి లేచే విమానానికి అందే ఒక బండి నడిస్తే, మూడు గంటల బాడుగ కారు ప్రయాణం సగమవుతుంది. రన్‌వే కోసం వినతిపత్రాలు రాసేవాళ్ళు రైలు టైంటేబుల్ కోసం కూడా ఒకటి రాయవచ్చు.